సెల్లార్‌లో సెమీ క్రిస్మస్, పది నిమిషాల సందేశం

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ముప్పై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. డిసెంబరు 20న కింద సెల్లార్‌లో సెమీ క్రిస్మస్ (క్రిస్మస్‌కు ముందే చేసుకునే వేడుక) పెట్టుకుంటున్నాం. పాస్టర్ గారికి ఆ రోజు వేరే ఊళ్లో మీటింగ్ ఉంది, సందేశం నన్నే చెప్పమన్నారు. వచ్చేవాళ్లలో ముప్పావు వంతు హిందువులు. ఈలోగా ఇంటర్ చదివే మా అబ్బాయి ఏదో వీడియో చూసి వచ్చి, "డిసెంబరు 25 అసలు సూర్యుడి పండగ, బైబిల్లో ఆ తేదీయే లేదు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నా నమ్మకమే ఊగుతుంటే నలుగురికి ఏం చెప్పను? ఎవరినీ నొప్పించకుండా, అలాగని అసలు విషయం మింగేయకుండా ఎలా చెప్పాలి?
— ఒక సోదరి

సోదరీ, మీ అబ్బాయి చెప్పినదాంట్లో సగం నిజం. ఆ సగాన్ని ముందు ఒప్పేసుకోండి, మిగతా పని తేలికవుతుంది.

బైబిల్లో డిసెంబరు 25 లేదు. యేసు పుట్టుక కథ చెప్పిన ఇద్దరిలో ఏ నెలో, ఏ రుతువో మత్తయీ రాయలేదు, లూకా రాయలేదు. ఆ తేదీకి దొరికే పాత ఆధారాల్లో ముఖ్యమైనది రోములో 354లో కూర్చిన ఒక పంచాంగం లాంటి పుస్తకం. క్రీస్తు బేత్లెహేములో పుట్టిన రోజుగా ఆ తేదీ అందులో ఉంది. అదే పుస్తకంలో అదే తేదీకి సూర్యదేవుడి పండగా ఉంది. ఔరేలియన్ చక్రవర్తి 274లో రోములో సూర్యుడికి గుడి కట్టించిన మాట వాస్తవమే. అందుకని "క్రైస్తవులు ఆ పండగను ఎత్తుకొచ్చారు" అని ఒక వాదన. ఇంకో వాదన ఏమిటంటే, మరియ గర్భం దాల్చింది మార్చి 25న అని తొలినాళ్లలో కొందరు నమ్మారు, దానికి తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు 25 వచ్చింది. ఏదీ తేలిపోయిన విషయం కాదు. అర్మేనియా క్రైస్తవ సంఘం ఇప్పటికీ జనవరి 6నే చేసుకుంటుంది. పాత జూలియన్ క్యాలెండర్ పాటించే రష్యా సంఘానికి అది జనవరి 7న పడుతుంది.

మీ అబ్బాయికి ఇలా చెప్పి చూడండి. మన తాతల కాలంలో ఎంతోమందికి సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ బడిలో చేర్చుకున్న పంతులుగారు వేసిందే. తేదీ పంతులుగారిదే అయినా తాత పుట్టింది మాత్రం నిజం. డిసెంబరు 25 కూడా సంఘం తర్వాత పెట్టుకున్న జ్ఞాపకదినం. అలా అన్నంత మాత్రాన విశ్వాసానికి వచ్చే లోటేమీ లేదు.

సంవత్సరం సంగతీ అంతే. క్రీస్తు శకం లెక్క కట్టింది 525లో డయొనీసియస్ అనే సన్యాసి. ఆయన లెక్క కొన్నేళ్లు తప్పింది. యేసు పుట్టినప్పుడు యూదుల రాజు హేరోదు బతికే ఉన్నాడని మత్తయి రాశాడు. హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో అని చరిత్రకారుల్లో ఎక్కువమంది లెక్క. అంటే యేసు పుట్టింది క్రీ.పూ. 6, 4 మధ్య అనుకోవాలి.

ఇంకో చిక్కుముడి ఒకటుంది, మీ అబ్బాయి రేపో మాపో దాని దగ్గరికీ వస్తాడు. కురేనియ సిరియాకు అధిపతిగా ఉన్నప్పుడు "మొదటి" ప్రజాసంఖ్య (జనాభా లెక్క) జరిగిందని లూకా 2:2. చరిత్రకు తెలిసిన కురేనియ జనాభా లెక్క క్రీ.శ. 6లో జరిగింది, హేరోదు పోయిన దాదాపు పదేళ్లకు. ఈ రెంటినీ కలపడానికి పండితులు రకరకాలుగా ప్రయత్నించారు. "మొదటి" అన్న గ్రీకు మాటను "అంతకు ముందు" అని చదవాలన్నవారూ ఉన్నారు, లూకా పొరబడ్డాడన్నవారూ ఉన్నారు. అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. పిల్లవాడు అడిగితే "ఇక్కడ ముడి ఉంది నాన్నా, ఇంకా విడలేదు" అనండి. అలా అన్న తల్లి మాటను వాడు మిగతా విషయాల్లోనూ వింటాడు. లేని జవాబు కల్పించి చెబితే ఆర్నెల్లలో ఫోన్‌లో వెతికి పట్టుకుంటాడు, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా నమ్మడు.

అసలు నమ్మకం ఎక్కువగా చెడేది మనం కథకు అంటించిన అలంకారాల వల్ల. ఒక కాగితం మధ్యలో గీత గీసి, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని లూకా 2, మత్తయి 2 చదవండి. వచనంలో ఉన్నది ఎడమ పక్క, మనం చేర్చింది కుడి పక్క. తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు ముగ్గురని లేదు, కానుకలే మూడు. వాళ్లు రాజులనీ లేదు. వాళ్లు వచ్చింది ఆ రాత్రి పాకలోకి కాదు, "యింటిలోనికి" అని మత్తయి 2:11 చెబుతుంది. గాడిద లేదు, ఎద్దు లేదు. యెషయా 1:3లోని ఎద్దునూ గాడిదనూ తర్వాతివాళ్లు తెచ్చి అక్కడ కట్టేశారు. తలుపు వేసేసిన సత్రం యజమాని సండే స్కూల్ నాటికలో తప్ప ఎక్కడా లేడు. మంచు సంగతి చెప్పక్కర్లేదు, అది గ్రీటింగ్ కార్డులది.

ఆ సత్రం మాట కాస్త ఆగి చూడదగ్గది. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు దెబ్బలు తిన్న మనిషిని చేర్చింది "పూటకూళ్లవాని యింటికి" (లూకా 10:34). అక్కడ గ్రీకులో ఉన్నది డబ్బిచ్చి దిగే బస. 2:7లో మన తెలుగు బైబిల్ "సత్రము" అన్న చోట గ్రీకు మాట వేరు. అదే మాట 22:11లో మళ్లీ వస్తుంది, అక్కడ మన అనువాదకులు "విడిది గది" అన్నారు. అందుకే చాలామంది పండితులు ఇలా చదువుతారు: బంధువుల ఇల్లే, చుట్టాలతో నిండిపోయి విడిది గదిలో చోటు లేదు, బిడ్డను పశువులను కట్టే వైపు, మేత వేసే తొట్టిలో పడుకోబెట్టారు. పల్లెటూళ్లో పెళ్లికి వెళ్లి పడుకోను జాగా లేక గాటిపాక పక్కన చాప వేసుకున్నవాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. బిడ్డకు చుట్టిన పొత్తిగుడ్డలు పేదరికానికి గుర్తు అని చాలా సందేశాల్లో వింటుంటాం, అది కూడా సరికాదు. మనిళ్లలోనూ పసిబిడ్డ ఉండేది పొత్తిళ్లలోనే. కాపరులకు దూత చెప్పిన ఆనవాలులో విడ్డూరమైనది తొట్టి ఒక్కటే.

ఇవన్నీ తీసేశాక మిగిలేది ఎంత? తక్కువేం కాదు. రోమా అధిపతి పొంతి పిలాతు పాలనలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రోమా చరిత్రకారుడు టాసిటస్ 116 ప్రాంతంలో రాశాడు. ఆయనకు క్రైస్తవులంటే గిట్టదు, కాబట్టి మనకోసం రాసిన మాట కాదు. "క్రీస్తు అనబడిన యేసు" సోదరుడు యాకోబు గురించి యూదు చరిత్రకారుడు జోసీఫస్ 93 ప్రాంతంలో రాశాడు. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికింది. చరిత్ర మిమ్మల్ని గుమ్మం దాకా తెచ్చి ఆగుతుంది. ఆ తొట్టిలో ఉన్నది దేవుని కుమారుడా కాదా అన్నది ఏ రాయీ చెప్పదు. అది నమ్మవలసిన విషయం. మనం నమ్మకం అనే మాటను లెక్కల మీదకంటే మనుషుల మీదే ఎక్కువ వాడతాం కదా, "ఆయన మీద నాకు నమ్మకం" అని. సువార్త అడిగేదీ ఆ రకం నమ్మకాన్నే. అందులో ప్రశ్నలకు చోటుంది. దూత ఎదుట నిలబడి "ఇదెలా జరుగుతుంది" అని మరియే అడిగింది.

ఇక మీ కోసం ఒక పని. లూకాలో 24 అధ్యాయాలున్నాయి. డిసెంబరు 1న మొదలుపెట్టి రోజుకొకటి, అబ్బాయితో కలిసి చదవండి. 20వ తేదీకి మీరు సిలువ దగ్గరకొచ్చేస్తుంటారు. పుట్టుక గురించి మాట్లాడే మనిషికి ఆ బరువు మనసులో ఉండాలి.

సందేశం సంగతికొస్తే, పది నిమిషాలంటే తాపీగా మాట్లాడే తెలుగులో దాదాపు వెయ్యి మాటలు. తొమ్మిది వందలకే ఆపండి. మొత్తం రాసుకుని, ఫోన్‌లో టైమర్ పెట్టి మూడుసార్లు పైకి చదవండి. కొత్తగా మాట్లాడేవాళ్లు దాదాపు అందరూ సమయం తప్పేది మొదట్లోనే. వందనాలు, కృతజ్ఞతలు, పాస్టర్ గారి గురించి రెండు మాటలు, తమకు అర్హత లేదని ఇంకో రెండు మాటలు, మూడు నిమిషాలు అక్కడే కరిగిపోతాయి. వాక్యభాగం (బైబిల్లోంచి చదివేది) లూకా 2:8–14 చాలు, ఒక నిమిషంలో అయిపోతుంది. 1 నుంచి 20 దాకా గ్రాంథికంలో చదివితే చదవడానికే మూడు నాలుగు నిమిషాలు. పాత అనువాదం కొత్తవాళ్ల చెవికి ఎక్కదు. వాడుక భాషలోని అనువాదం చదవండి, లేదా చదివిన వెంటనే మీ మాటల్లో చెప్పండి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది మాటల దగ్గర. సంఘంలో మనం రోజూ వాడే మాటలు బయట వేరేగా వినిపిస్తాయి. "రక్షణ పొందారా?" అంటే ఎవరి నుంచి రక్షణ అని చూస్తారు. "తిరిగి జన్మించాలి" అంటే హిందువుకు తట్టేది పునర్జన్మ. "పాపం" ఇంకా చిత్రమైన మాట, తెలుగులో అది జాలికి కూడా వాడతాం, "అయ్యో పాపం" అని. "పాపులారా" అని బహువచనంలో మొదలెడితే మాత్రం తిట్టులా తగులుతుంది. "అవతారం" అంటే సులువుగా అర్థమవుతుంది, కానీ పది అవతారాల పక్కన ఇంకొకటి అని అర్థమవుతుంది, మీరు చెప్పదలచింది అది కాదు. "దేవుడే మనిషిగా, ఒకే ఒక్కసారి పుట్టాడని మేం నమ్ముతాం" అనేయండి. వాళ్ల దేవుళ్ల ప్రస్తావన మెచ్చుకోడానికీ వద్దు, పోల్చడానికీ వద్దు. "మేం నమ్ముతాం" అన్న మాటలో పిరికితనం లేదు. ఎదుటివాడి చేతిలోంచి ఏమీ లాక్కోకుండా మన చేతిలో ఉన్నది చూపించడమది. రక్షకుడు అన్న మాట మాత్రం వదలకండి. దాన్ని వదిలేస్తే మిగిలేది "ప్రేమ, శాంతి, ఐకమత్యం", ఆ ముక్క అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు ఎలాగూ చెబుతారు.

సందేశానికి వెన్నెముక లూకా 2:11లోని మూడు మాటలు: నేడు, మీ కొరకు, రక్షకుడు. దూత తెచ్చింది నీతి కాదు, వార్త. ఇలా మొదలుపెట్టొచ్చు:

"అందరికీ నమస్కారం. కేకు అక్కడే ఉంది, పిల్లలు దాన్నే చూస్తున్నారు, పది నిమిషాల్లో ముగిస్తాను. మొదటి క్రిస్మస్ రాత్రి ఊరంతా నిద్రపోతోంది. మెలకువగా ఉన్నది నైట్ డ్యూటీ వాళ్లే. పొలంలో మంద కాసుకునే కాపరులు. రాజు పుట్టాడన్న వార్త ముందు కోటకు వెళ్లాలి. ఇది వాళ్ల దగ్గరికి వచ్చింది. మీ కోసం పుట్టాడు అన్నారు. గుర్తు ఏమిటంటే, పశువులు మేత తినే తొట్టి చూడండి, అందులో ఉంటాడు. కోటలో పుట్టి ఉంటే కాపరులను గేటు దగ్గరే ఆపేసేవారు. తొట్టి దగ్గర ఎవరూ ఆపరు."

అక్కడి నుంచి రెండో ముక్క: మన ఇంటి తలుపు వేసుకున్నాక మనకు మాత్రమే తెలిసిన తప్పులుంటాయి, వాటిని మోస్తూ తిరుగుతాం, ఆ భారం నుంచి విడిపించడానికే ఆయన వచ్చాడని మత్తయి 1:21 చెబుతుంది, యేసు అన్న పేరుకు అర్థమే అది. తప్పు గురించి చెప్పేటప్పుడు "మీరు" అనకండి, "మనం" అనండి. మూడో ముక్క: ఆ బిడ్డే పెరిగి సిలువ మీద ప్రాణం ఇచ్చాడు, తిరిగి లేచాడు. దీనికి రెండు నిమిషాలు చాలు, కానీ తప్పకుండా చెప్పండి. తొట్టి దగ్గరే ఆపేస్తే అది పసిపాప పుట్టినరోజు వేడుకగానే మిగులుతుంది. చివర, "ఇది మేం నమ్మిన వార్త, మీతో పంచుకోవాలనిపించింది. ఇంకా తెలుసుకోవాలనుకుంటే మా ఫ్లాట్ తలుపు తట్టండి" అని కూర్చోండి. కళ్లు మూసుకోమని, చేతులెత్తమని, "హల్లెలూయ చెప్పండి" అని అడగొద్దు. పిలిచి కూర్చోబెట్టినవాళ్లను ఇరుకున పెట్టడం మర్యాద కాదు. ముగింపు ప్రార్థన నిమిషం మించొద్దు. ముందే "మేం ప్రార్థన చేస్తాం, ఇష్టమైతే కలవండి, లేకపోతే ఊరికే కూర్చోండి" అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నైట్ డ్యూటీ అన్నప్పుడు వినేవాళ్లలో వాచ్‌మన్ ఉంటాడు. ఆ కుటుంబాన్ని రెండు రోజుల ముందే మీరే స్వయంగా వెళ్లి పిలవండి. కుర్చీలు మోయడానికి కాదు, కూర్చోవడానికి. పని ఉంటే ఆ గంట కోసం వేరేవాళ్లను మాట్లాడుకోండి. అతను పేపర్ ప్లేట్లు ఎత్తుతుండగా మీరు కాపరుల గురించి చెబితే వినేవాళ్లు రెండూ చూస్తారు.

సెల్లార్‌లో గొంతు మోగుతుంది. ఒక పెద్ద స్పీకర్ కన్నా జనానికి దగ్గరగా రెండు చిన్నవి, తక్కువ సౌండ్‌లో పెట్టించండి. మైక్ నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి, వాక్యం చివర గొంతు పడిపోకూడదు. వరుస ఇలా పెట్టుకోండి: రెండు పాటలు, పిల్లల నాటిక, వాక్యభాగం, సందేశం, ప్రార్థన, కేకు. కేకు ముందు కోస్తే సందేశం వినేవాడుండడు. ఇరుగుపొరుగు పిల్లల్ని నాటికలో కాపరులుగా వేయాలంటే ముందు వాళ్ల అమ్మానాన్నలను అడగండి. అసోసియేషన్ అనుమతి కాగితం మీద తీసుకోండి. బయట స్పీకర్ పెట్టాలంటే 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం అధికారుల రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాడకూడదు. (అర్ధరాత్రి డప్పులతో ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడే క్యారల్ రౌండ్స్‌కు వెళ్లే యవ్వనస్తులకు కూడా ఈ మాట చేరవేస్తే మంచిది. నిద్ర చెడినవాళ్లకు మహా సంతోషకరమైన సువర్తమానం చెవికెక్కదు.)

రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి హక్కు ఇచ్చింది, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అన్న షరతులతో. ఎదుటివారిని మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. కాబట్టి దుప్పట్లు, బియ్యం పంచాలనుకుంటే అది వేరే రోజు, ప్రసంగం లేకుండా చేయండి. ఒకే రోజు పెడితే మీ మనసులో ఏమీ లేకపోయినా అది ఎరలాగే కనిపిస్తుంది.

తిండి విషయంలో డిసెంబరు 20 కాస్త చూసుకోవలసిన రోజు. ధనుర్మాసం మొదలై ఉంటుంది. అయ్యప్ప మండల దీక్ష డిసెంబరు 26, 27 దాకా నడుస్తుంది, మాల వేసుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్లను "స్వామీ" అనే పిలవండి. బయటి తిండి ముట్టరు కాబట్టి బలవంతపెట్టొద్దు, "పండు ఇవ్వొచ్చా స్వామీ?" అని అడిగి ఊరుకోండి. గుడ్డు లేని కేకు సగమైనా ఉంచండి, దాని కత్తీ పళ్లెమూ వేరుగా ఉండాలి, ఏది ఏదో చీటీ రాసి పెట్టాలి. ప్లమ్ కేకులో రమ్ కలిపి ఉంటే ముందే చెప్పండి, ముస్లిం ఇరుగుపొరుగుకు ఇది ముఖ్యం. "ఇది ప్రసాదమా?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. కాదనీ, పండగ తినుబండారం మాత్రమేననీ చెబితే నిశ్చింతగా తింటారు. పులిహోర, అరిసెలు పెడితే గుడ్డు, రమ్ గొడవ ఉండదు.

ఇవన్నీ అయ్యాక, ప్లేట్లు తీసే సమయానికి ఒక ఆంటీ మిమ్మల్ని పక్కకు పిలిచి "మా అబ్బాయికి ఒంట్లో బాగాలేదమ్మా, మీ ప్రార్థనలో చెప్పండి" అంటారు. తెలుగునాట ఇది మామూలే, దీనికి సిద్ధంగా ఉండండి. "చేస్తానండీ" అని వెళ్లిపోవద్దు. అబ్బాయి పేరు అడగండి, "ఇప్పుడే చేయమంటారా?" అని అడగండి, సరేనంటే అక్కడే నాలుగైదు వాక్యాల్లో, మామూలు గొంతుతో, ఆ పేరు పెట్టి ప్రార్థించండి. తగ్గిపోతుందని హామీ ఇవ్వొద్దు. ప్రార్థన చేసిన నూనె అని సీసా ఇవ్వొద్దు. మందులు ఆపొద్దని మీరే చెప్పండి. మర్నాడు లిఫ్ట్‌లో కనబడితే ముందు అబ్బాయి ఎలా ఉన్నాడని అడగండి. చర్చి సంగతి ఆవిడ ఎత్తితే అప్పుడు మాట్లాడొచ్చు.